శాంటా క్లారాలో సీసపు రంగుల ఇళ్లు: మరమ్మతు పనివారికి శిక్షణ

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇంట్లో ఎవరైనా డబ్బు తీసుకుని పాత రంగు గీకినా, కిటికీలు మార్చినా, వంటగది విప్పి కొత్తగా కట్టినా, సీసం దుమ్ము గురించి శిక్షణ పొందిన మనిషి ఒకరు ఆ పనికి బాధ్యత వహించాలి. పని ఒప్పుకున్న సంస్థకు పర్యావరణ రక్షణ సంస్థ (ఈపీఏ) గుర్తింపు ఉండాలి. 2008 ఏప్రిల్ 22న ప్రకటించి, సరిగ్గా రెండేళ్ల తర్వాత అమల్లోకి తెచ్చిన ఈ నిబంధనను రెనొవేషన్, రిపేర్, పెయింటింగ్ అనే మూడు మాటల పొడి అక్షరాలతో ఆర్‌ఆర్‌పీ అంటారు. సీసపు రంగుల చరిత్రలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా పేరు ఇంకో కారణంగా కూడా వినబడుతుంది. రంగు తయారీదార్లను కోర్టుకు లాగి, పంతొమ్మిదేళ్లు పోరాడి డబ్బు రాబట్టిన స్థానిక ప్రభుత్వాల్లో మొదటిది శాంటా క్లారా కౌంటీ. అయితే అదే పేరున్న నగరంలో చాలా ఇళ్లకు ఆ గెలుపు కన్నా ఒక్క రోజు శిక్షణ తరగతే ఎక్కువ అక్కరకొస్తుంది.

రంగులో సీసం

సీసపు తెలుపును అవిసె నూనెలో నూరి చేసిన రంగు చెక్కను గట్టిగా పట్టుకుంటుంది. కింది రంగును బాగా కప్పేస్తుంది, ఎండకూ వానకూ ఏళ్ల తరబడి నిలుస్తుంది. చెక్కతో కట్టే అమెరికా ఇంటికి అంతకు మించిన రంగు లేదనుకునేవారు. దాని చెడు తెలియక కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పిల్లలకొచ్చే జబ్బుకు వరండా కటకటాల రంగే కారణమని లాక్‌హార్ట్ గిబ్సన్ అనే వైద్యుడు 1904లోనే రాశాడు. ఆ రాష్ట్రం 1922లో చట్టం చేసింది. ఇంటి లోపలి పనుల్లో సీసపు తెలుపును కట్టడి చేస్తూ అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో ఒప్పందం తెచ్చింది. అమెరికా అందులో చేరలేదు. లోపలి రంగుల్లో సీసం ఒక శాతం మించకూడదని 1955లో అక్కడ ఒక ప్రమాణం పెట్టుకున్నారు గానీ దాన్ని పాటించడం, పాటించకపోవడం తయారీదారు ఇష్టం. ప్రభుత్వ నిషేధం 1978లో గానీ రాలేదు. ఆ మరుసటి ఏడాదే హెర్బర్ట్ నీడిల్‌మన్ బడిపిల్లల ఊడిన పాలపళ్లలో సీసాన్ని కొలిచాడు. పైకి ఏ జబ్బూ కనబడని పిల్లల్లో కూడా సీసం ఎక్కువున్నవారు బుద్ధి పరీక్షల్లో వెనకబడ్డారని చూపించాడు.

గోడకు గట్టిగా అంటుకుని, పెచ్చులూడకుండా ఉన్నంత కాలం ఆ రంగుతో పెద్ద ప్రమాదం లేదు. దాని జోలికి పోయినప్పుడే చిక్కు. చట్టం లెక్కలో చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము సీసం ఉంటే అది సీసపు రంగు. చదరపు అడుగుకు 929 చదరపు సెంటీమీటర్లు. అంటే అట్టడుగు హద్దులో ఉన్న రంగునే ఒక్క చదరపు అడుగు మేర పొడిగా గీకేస్తే గ్రాముకు కాస్త తక్కువ సీసం దుమ్ములో కలుస్తుంది. దాన్ని 10,000 చదరపు అడుగుల నేల మీద సమంగా పరిచినా అడుగుకు 93 మైక్రోగ్రాములు పడుతుంది. అడుగుకు 5 మైక్రోగ్రాములకు చేరితేనే చర్య తీసుకోవాల్సిన స్థాయి అని ఈపీఏ 2024 అక్టోబరులో తేల్చింది. పాత కాలపు మధ్యతరగతి ఇళ్లు ఎన్నో కలిస్తే గానీ 10,000 చదరపు అడుగుల నేల కాదు. పాకే బిడ్డ ఆ నేల మీద చేతులు పెడుతుంది, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటుంది. రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములుంటే ఆ బిడ్డను ప్రత్యేకంగా గమనించాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో చెప్పింది. అంతకు ముందు ఆ అంకె 5.

అందుకే ఇంటిని చెడగొట్టడం కన్నా బాగుచేయడమే ఇక్కడ ఎక్కువ కీడు చేయగలదు. కొత్త బిడ్డ వస్తుందని పాత ఇంట్లో గదికి రంగు వేయించే తల్లిదండ్రులు తెలియకుండానే ఆ బిడ్డ ఊపిరి పీల్చే చోట సీసం పరుస్తూ ఉండొచ్చు.

కౌంటీ గెలిచిన దావా

2000 మార్చిలో శాంటా క్లారా కౌంటీ సీసపు రంగుల కంపెనీల మీద దావా వేసింది. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్, శాన్ డియాగో నగరాలూ, లాస్ ఏంజెలెస్, అలమేడా వంటి కౌంటీలూ కలిసి మొత్తం పది స్థానిక ప్రభుత్వాలయ్యాయి. రంగు చెడ్డ సరుకని వినియోగదారుడిలా వాదించి ఉంటే గడువు దాటిందని కేసు కొట్టేసేవారు. కౌంటీ వేరే దారి పట్టింది. పిల్లలకు హానికరమని తెలిసి కూడా ఇళ్ల లోపల వాడమని ప్రచారం చేసిన కంపెనీలు ప్రజలందరికీ బాధ తెచ్చిపెట్టాయి, ఆ బాధను వాళ్లే తొలగించాలి అన్నది వాదన. గెలిస్తేనే ఫీజు అనే పద్ధతిలో ప్రైవేటు లాయర్లను పెట్టుకోవచ్చా అన్న ఒక్క ప్రశ్నే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010లో కోర్టు పెట్టుకోవచ్చంది.

విచారణ 2013 వేసవిలో జరిగింది. న్యాయమూర్తి జేమ్స్ క్లైన్‌బర్గ్ మూడు కంపెనీలను బాధ్యులుగా తేల్చాడు. ఒకటి షెర్విన్ విలియమ్స్. రెండోది ఎన్ఎల్ ఇండస్ట్రీస్. డచ్ బాయ్ రంగులమ్మిన పాత నేషనల్ లెడ్ కంపెనీయే ఇది. మూడోది కొనాగ్రా. తిండి సరుకుల కంపెనీ ఇందులోకెలా వచ్చిందంటే, శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన డబ్ల్యూ.పి. ఫుల్లర్ అనే రంగుల కంపెనీ చేతులు మారుతూ మారుతూ, అప్పులూ పాపాలతో సహా, చివరికి దాని పద్దులో చేరింది. తీర్పు మొత్తం 115 కోట్ల డాలర్లు. ఆర్కో, డ్యూపాంట్ బయటపడ్డాయి.

2017 నవంబరు 14న అప్పీలు కోర్టు తీర్పును నిలబెడుతూనే ఒక గీత గీసింది. 1951కి ముందు కట్టిన ఇళ్లకే కంపెనీల బాధ్యత అంది. 1950 తర్వాత ఇళ్ల లోపలికి సీసపు రంగు వాడమని ఈ కంపెనీలు ప్రచారం చేశాయనడానికి తగిన రుజువు లేదని దాని కారణం. దాంతో లెక్క మళ్లీ వేయగా మొత్తం 40.9 కోట్లకు దిగింది. ఈ లోగా కంపెనీలు ఓటర్ల దగ్గరికి ఇంకో ఎత్తుగడతో బయల్దేరాయి. ఇళ్లు, బడులు బాగుచేసేందుకు 200 కోట్ల డాలర్ల బాండ్లు తెద్దామని ప్రతిపాదన పెట్టి, రంగు తొలగించే భారాన్ని తమ మీద నుంచి పన్ను కట్టేవారి మీదికి నెట్టబోయాయి. 2018 జూన్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నాయి. ఆ ఏడాది అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల అప్పీలు వినబోనంది. చివరికి 2019 జులైలో 30.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. పది ప్రభుత్వాలూ దాన్నే పంచుకోవాలి.

గీతకు ఇవతలి ఇళ్లు

ఇప్పుడు శాంటా క్లారా నగరం వైపు చూస్తే ఆ 1951 గీత ఎంత వంకరగా పడిందో తెలుస్తుంది. ఒకప్పుడు ఇది పండ్ల తోటల ఊరు. ప్రూన్, ఆప్రికాట్ చెట్లు పూసే ఈ లోయను అప్పట్లో వ్యాలీ ఆఫ్ హార్ట్స్ డిలైట్ అనేవారు. 1950లో నగర జనాభా 12 వేలకు లోపే. 1960 నాటికి 58 వేలు దాటింది, 1970కి 86 వేలకు పైనే. తోటలు కొట్టేసి వరస వరసలుగా ఒంటి అంతస్తు రాంచ్ ఇళ్లు కట్టింది ఆ ఇరవై ఏళ్లలోనే. శాంటా క్లారా యూనివర్సిటీ చుట్టుపక్కల ఓల్డ్ క్వాడ్ పేటలో విక్టోరియా కాలపు చెక్క ఇళ్లున్నాయి. కోర్టు గీతకు అవతల పడేవి అవి. ఊళ్లో మిగతా పాత ఇళ్లలో ఎక్కువ భాగం 1951కీ 1978కీ మధ్యవి.

ఈపీఏ అంచనా ప్రకారం దేశం మొత్తం మీద 1940కి ముందు కట్టిన ఇళ్లలో 87 శాతం, 1940–59 మధ్య వాటిలో 69 శాతం, 1960–77 మధ్య వాటిలో 24 శాతం సీసపు రంగు ఉంది. రాంచ్ ఇళ్లు పడేది చివరి రెండు వరసల్లో. ఒక ఇంట్లో కిటికీ చట్రానికీ గుమ్మానికీ సీసం ఉండి గోడకు లేకపోవచ్చు. పక్కింట్లో అసలే లేకపోవచ్చు. ఇక్కడ పేరు పడ్డ బిల్డర్ జోసెఫ్ ఐక్లర్ కట్టించిన ఇళ్లలో లోపలి గోడలకు రంగు వేయని చెక్క పలకలే ఎక్కువ కాబట్టి వాటి లెక్క వేరు. కాలిఫోర్నియా చట్టం ఈ గొడవంతా పెట్టుకోకుండా, 1978కి ముందటి ఇంటి రంగులో సీసం లేదని పరీక్షలో తేలేదాకా ఉన్నట్టే లెక్క అంటుంది. నమ్మి నడుచుకోదగ్గ సూత్రం.

ఈ ఇళ్లను కొంటున్నవారిలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. కొన్న వెంటనే జరిగే పనులు దాదాపు ఒకటే: వంటింటికీ హాలుకూ మధ్య గోడ కొట్టేయడం, కార్పెట్ పీకించి చెక్క నేల వేయించడం, సింగిల్ పేన్ కిటికీలు మార్చడం. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేసుకుంటారు, ఇండియా నుంచి అమ్మానాన్నలకు టికెట్లు తీసేసుకుంటారు, ఇక కాంట్రాక్టర్ మీద తొందర మొదలవుతుంది. ప్లాస్టిక్ పరచడం, తుడవడం అనే పనులకు కొటేషన్‌లో ఒక రోజు అదనంగా పడితే ముందు కోత పడేది దాని మీదే.

తరగతిలో ఏం నేర్పుతారు

కాలిఫోర్నియా ప్రభుత్వం ఆర్‌ఆర్‌పీని తన చేతుల్లోకి తీసుకోలేదు కాబట్టి ఇక్కడ దాన్ని నడిపేది శాన్ ఫ్రాన్సిస్కోలోని ఈపీఏ ప్రాంతీయ కార్యాలయం. తరగతులు మాత్రం గుర్తింపు పొందిన ప్రైవేటు శిక్షకులు నడుపుతారు. మొదటిసారి వచ్చేవారికి ఎనిమిది గంటలు, అందులో కనీసం రెండు గంటలు చేత్తో చేసి చూపాలి. కేంద్ర గృహనిర్మాణ శాఖతో కలిసి ఈపీఏ తయారుచేసిన నమూనా పాఠ్యం ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉంది. ఈ లోయలో రంగుల పని, కూల్చివేత పని చేసే చాలామందికి స్పానిషే ఇంటి భాష కాబట్టి రెండోది అలంకారం కాదు. చివర పరీక్ష, 70 శాతం వస్తే నెగ్గినట్టు. పత్రం అయిదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత నాలుగు గంటల పునశ్చరణ. దాన్ని చేతి పని లేకుండా ఆన్‌లైన్‌లోనే ముగిస్తే మూడేళ్లే చెల్లుతుంది.

చేతి పనిలో పదకొండు మెళకువలు చూస్తారు. రంగు పరీక్ష కిట్ వాడకంతో మొదలవుతుంది. గుర్తింపున్న ఒక కిట్‌లో రసాయనాన్ని రంగు పొరల మీద రుద్దితే సీసం ఉన్నచోట ఎర్రబడేది. చాలామందికి అలవాటైన ఆ కిట్ తయారీ 2023లో ఆగిపోయింది. ఇప్పుడు మిగిలిన కిట్లు వాడతారు, లేదా రంగు పెచ్చును ల్యాబ్‌కు పంపుతారు. పరీక్షకు ముందు కత్తితో అన్ని పొరలూ తెగేలా గాటు పెట్టాలి. పై పొర నిన్నటిది కావచ్చు, సీసం అయిదో పొరలో ఉండొచ్చు.

తర్వాత దుమ్ము బయటికి పోకుండా కట్టడి. సామాను బయట పెట్టాలి, లేదా కప్పేయాలి. గాలి గొట్టాల మూతులు మూసి టేపు వేయాలి. నేల మీద ప్లాస్టిక్ పని జరిగే చోటు నుంచి ఆరడుగులు ముందుకు పరవాలి. రాకపోకల గుమ్మానికి రెండు ప్లాస్టిక్ తెరలు కడతారు. మొదటి దాన్ని గుమ్మం చుట్టూ టేపుతో అంటించి నడుమ నిలువుగా కోస్తారు, రెండోదాన్ని పైన మాత్రమే అంటించి ఆ కోత మీద వేలాడదీస్తారు. మనిషి దాటగానే పై తెర తనంతట తాను పడి మూసుకుంటుంది. ఇంటి బయట పనైతే పది అడుగుల మేర నేల కప్పాలి, ఇరవై అడుగుల లోపున్న తలుపులూ కిటికీలూ మూయాలి. పక్కింటి హద్దు పది అడుగుల లోపే ఉంటే నిలువు తెర కూడా కావాలి. కంచెకు కంచె ఆనుకున్న ఈ ఊళ్లో ఆ అవసరం తరచూ పడుతుంది.

చేయకూడనివి మూడే, కానీ పనివాళ్లకు అలవాటైనవీ అవే. మంట పెట్టి రంగు కాల్చకూడదు. 1,100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన హీట్ గన్ పట్టకూడదు. హెపా వాక్యూమ్ తగిలించని మిషన్‌తో సాండింగ్ చేయకూడదు. హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని పట్టే వడపోత. మామూలు షాప్ వాక్యూమ్ ఆ సన్న దుమ్మును వెనక నుంచి గదిలోకే ఊదేస్తుంది. గీకేముందు నీళ్లు చిలకరించడం అన్నిటికన్నా చవకైన ఉపాయం.

చివరి ఘట్టం తుడిచి చూడటం. ప్లాస్టిక్ మీద నీళ్లు చల్లి, మురికి లోపలికి వచ్చేలా మడిచి, సంచిలో కట్టేస్తారు. గోడలు పై నుంచి కిందికి, నేల మూల నుంచి గుమ్మం వైపుకు శుభ్రం చేస్తారు. తర్వాత పొడుగు కర్రకు తడి వైప్ తొడిగి 40 చదరపు అడుగులకు మించకుండా ఒక్కో భాగం తుడిచి, ఆ గుడ్డను ఈపీఏ ఇచ్చిన కార్డు పక్కన పెట్టి వెలుతురులో చూస్తారు. గుడ్డ కార్డు మీది రంగుకన్నా మురికిగా ఉంటే మళ్లీ కడిగి కొత్త గుడ్డతో తుడవాలి. రెండోసారీ తప్పితే గంటసేపు, నేల ఆరలేదంటే ఆరేదాకా ఆగి, పొడి గుడ్డతో ఆఖరిసారి తుడవాలి. కిటికీ గట్టుకు ఒక్కోదానికి ఒక్కో గుడ్డ. పని కాగితాలు మూడేళ్లు దాచాలి. రినొవేట్ రైట్ అనే చిన్న పుస్తకాన్ని పని మొదలుపెట్టడానికి ముందు 60 రోజుల లోపు ఇంటివారి చేతికిచ్చినట్టు సంతకం వాటిలో ఉండాలి.

ఒంటి మీది దుమ్ము గురించి కూడా పాఠం ఉంది. మాస్కు, బూట్ల తొడుగులు వేసుకోవడం, పని చోట తినకపోవడం, సిగరెట్ కాల్చకపోవడం, బట్టల మీద వాక్యూమ్ కొట్టుకుని చేతులూ ముఖమూ కడుక్కుని గానీ ఇంటికి పోకపోవడం. ఒక ఇంటి సీసం కూలివాడి చొక్కా మీద ఇంకో ఇంటి బిడ్డ దాకా ప్రయాణిస్తుంది.

కన్నాలు

నిబంధనలో అన్నిటికన్నా పెద్ద కన్నం మనుషుల లెక్కలో ఉంది. ఒక పనికి ఒక్క సర్టిఫైడ్ రెనొవేటర్ చాలు. హెచ్చరిక బోర్డులు పెట్టేటప్పుడు, ప్లాస్టిక్ కట్టేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు అతడు అక్కడ ఉండాలి. మధ్యలో ఫోనుకు దొరికితే సరి. సాండర్ పట్టుకున్న మనిషికి పాఠం చెప్పాల్సింది కూడా అతడే, పని చోటే. ఆ పాఠం గంటసేపు నడుస్తుందా, రెండు మాటలతో ముగుస్తుందా అన్నది అతడి మనసును బట్టి ఉంటుంది. తరగతిలో కూర్చున్న కాంట్రాక్టరూ, దుమ్ములో నిలబడ్డ కూలీ ఒకరే కానప్పుడు ఎనిమిది గంటల చదువులో ఎంత గోడ దాకా చేరుతుందో ఊహించుకోవచ్చు.

రెండోది కార్డు. అది కంటి పరీక్షే గానీ ల్యాబ్ పరీక్ష కాదు. కేంద్ర గృహ నిధులు అందుకునే ఇళ్లలో సాధారణంగా దుమ్ము నమూనా తీసి ల్యాబ్‌కు పంపాలి, మామూలు ఇంట్లో అక్కర్లేదు. అడిగి చేయించుకోవడం ఇంటివారి ఇష్టం. పసిపిల్లలున్న ఇంట్లో ఆ ఖర్చు దండగ కాదు. మూడోది, తరగతి పత్రం వేరు, సంస్థ గుర్తింపు వేరు. సంస్థ విడిగా ఈపీఏకు 300 డాలర్లు కట్టి అయిదేళ్లకు గుర్తింపు తీసుకోవాలి. ఒక్కటే ఉండి పని చేసేవారున్నారు. ఒక గదిలో ఆరు చదరపు అడుగుల లోపు, బయట ఇరవై చదరపు అడుగుల లోపు చిన్న మరమ్మతులకు మినహాయింపుంది, కిటికీ మార్పిడికి మాత్రం లేదు. తన ఇంటిని తానే గీక్కునే యజమానికి నిబంధన అసలే వర్తించదు. శనివారం యూట్యూబ్ చూసి సాండర్ అద్దెకు తెచ్చుకునే ఇంజనీరు చట్టం కంటికి కనబడడు.

కేసులు పడుతూనే ఉన్నాయి. గుర్తింపు లేని కాంట్రాక్టర్లతో పని చేయించిందని 2020లో హోమ్ డిపో మీద 2.075 కోట్ల డాలర్ల జరిమానా పడింది. టీవీలో పాత ఇళ్లను మెరిపించి చూపే కార్యక్రమంతో పేరొచ్చిన మాగ్నోలియా హోమ్స్ 2018లో 40 వేల డాలర్లు కట్టింది. అంతకాలం ఆ కార్యక్రమం చూసినవారికి ప్లాస్టిక్ తెరలు కనబడకపోవడం జరిమానా కన్నా పెద్ద నష్టం.

సీసాన్ని శాశ్వతంగా తొలగించే పని వేరు. దానికి రాష్ట్ర ఆరోగ్య శాఖ ఇచ్చే వేరే సర్టిఫికెట్లు కావాలి, ఎనిమిది గంటల తరగతి చాలదు. పనివాళ్ల ఆరోగ్యం రాష్ట్ర కార్మిక భద్రతా సంస్థ కాల్-ఓషా చూస్తుంది. గాలిలో ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాముల దాకా సీసాన్ని అనుమతించిన పాత హద్దును అది 2025 జనవరి 1 నుంచి 10కి దించింది. గోడ గీకే కూలీకి ఇది ఆర్‌ఆర్‌పీ కన్నా పెద్ద మార్పే కావచ్చు.

ఇతర దారులు, ఇతర ఊళ్లు

రక్తంలో సీసం కనబడిన ప్రతిసారీ నేరం గోడది కాదు. శాన్ హోసేలోని రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయంలో చిన్న విమానాలకు సీసం కలిపిన ఇంధనం అమ్మకాన్ని కౌంటీ 2022 జనవరి 1 నుంచి ఆపేసింది. భారతీయ కుటుంబమైతే ఆరోగ్య సిబ్బంది పసుపు, సిందూరం, కాటుక ఎక్కణ్నుంచి తెచ్చారని అడుగుతారు. అడగడం సబబే. లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు రంగు నిగనిగలాడుతుంది.

భారతదేశంలో గృహ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అమెరికాలో 2009 నుంచి ఉన్న హద్దూ అదే. అయితే ఇది కొత్త డబ్బాకు సంబంధించిన నిబంధన. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత ఇంటి తలుపులకూ కిటికీ ఊచలకూ మునుపు పడిన ఎనామెల్ పొరల గురించి, వాటిని గీకే పెయింటర్ నేర్చుకోవాల్సిన దాని గురించి అందులో ఏమీ లేదు. సున్నం వేసిన గోడలతో ఈ బెడద లేదు, భయం ఎనామెల్‌తోనే. పండక్కో పెళ్లికో రంగులేసేటప్పుడు పెయింటర్ తలుపును పొడి ఎమరీ పేపర్‌తోనే రుద్దుతాడు, లప్పం పెట్టి మళ్లీ రుద్దుతాడు, ఆ దుమ్మును సాయంత్రం ఇంట్లోవాళ్లు చీపురుతో ఊడుస్తారు. కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో నునుపు కోసం నీళ్లు చల్లుతూ రుద్దే వాటర్ పేపర్ ప్రతి హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది. ఇంటి తలుపుల పనికి దాన్ని వాడేవారు అరుదు.